తొమ్మిది రోజుల కోడిపిల్లలు: మేత, అరుగుదల, రెట్టల గురించి కొన్ని సందేహాలు

హనుమకొండ పెరడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ శివారు. ఇంటి వెనుక రెండు గుంటల ఖాళీ స్థలం ఉన్నందున, సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక్కరోజు వయసున్న వనరాజ రకం కోడిపిల్లలను 30 తెచ్చుకున్నాను. ఈ రోజుకు వాటికి తొమ్మిదో రోజు. చిన్నప్పుడు ఊరిలో మా నాయనమ్మ కోళ్లను గంప కింద కమ్మడం చూసిన అనుభవమే తప్ప, తల్లికోడి లేకుండా పిల్లలను సాకడం నాకు ఇదే మొదటిసారి. ఇప్పటికి నాలుగు పిల్లలు చనిపోయాయి. మిగిలిన వాటినైనా నిలుపుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి రెండు రోజులు నూకలు మాత్రమే వేశాను. మూడో రోజున, మా వీధిలో గుడ్ల కోళ్లు పెంచే ఒక పెద్దమనిషి తన దగ్గర మిగిలిన లేయర్ మ్యాష్ అర బస్తా ఇచ్చారు. కోళ్ల దాణా కదా, ఏదైనా ఒకటే అనుకొని దానిని నూకలతో సగం సగం కలిపి పెడుతున్నాను. మొన్న ఆదివారం ఇంట్లో మిగిలిన అన్నం కూడా ఒక పిడికెడు వేశాను. అది పెట్టిన పావుగంటలో మాయమైంది. పిల్లలను టీవీ వచ్చిన అట్టపెట్టెలో పాత పేపర్లు పరిచి ఉంచి, పైన 60 వాట్ల బల్బు ఒకటి వేలాడదీశాను. పగలు బాగానే తిరుగుతున్నాయి కానీ, తెల్లవారుజామున చూస్తే అన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా ఉంటున్నాయి.

నా సందేహాలు ఇవి. ఐదు పిల్లలకు వెనుక భాగంలో రెట్ట ఎండి, సిమెంటులాగా అంటుకుపోయింది. ఒక పిల్లకు మెడ కింద కుడివైపు సంచి ఉబ్బి ఉంది, వేలితో నొక్కితే పిండిముద్దలా మెత్తగా తగులుతోంది, నిన్న ఉదయం కూడా అలాగే ఉంది. రెట్టలు ఎక్కువగా గట్టిగానే, కొనన తెల్లటి పూతతో ఉంటున్నాయి కానీ, మధ్య మధ్య గోధుమరంగులో జిగురుగా, భరించలేని వాసనతో కొన్ని కనిపిస్తున్నాయి. ఇది పారుడు రోగమా? మందుల దుకాణంలో అడిగితే పసుపురంగు పొడి ఒకటి ఇచ్చి నీళ్లలో కలపమన్నారు, ఇంకా కలపలేదు. కోళ్లకు పళ్లుండవు కాబట్టి ఇసుక తప్పనిసరిగా వేయాలని ఒకరు, వేస్తే పేగులు మూసుకుపోతాయని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

కందనకాయ (జవాబు):

ముందుగా, ఆ పసుపు పొడిని అలమరాలోనే ఉంచండి. రోగం ఏమిటో తెలియకుండా యాంటీబయాటిక్ పోస్తే, చిన్నపిల్ల పేగులో ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న మేలు చేసే సూక్ష్మజీవులు కూడా పోతాయి. మీరు రాసిన దానిలో ఇప్పటికైతే మందుతో నయం చేయవలసిన రోగం నాకు కనిపించలేదు. చలి, మేత, ఈ రెండూ కనిపిస్తున్నాయి. నేను పశువైద్య శాఖలో చాలా ఏళ్లు కాంపౌండరుగా పనిచేసి విరమించిన వాడిని. డాక్టరును కాను కాబట్టి, నా మాట మీద అనుమానం ఉంటే ఏ పశువుల దవాఖానలోనైనా అడిగి నిర్ధారించుకోండి.

మేత కంటే ముందు చలి సంగతి చెప్పాలి, ఎందుకంటే పిల్ల అరుగుదల అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. గుడ్డులోంచి బయటికి వచ్చే ముందే పిల్ల మిగిలిన పచ్చసొనను బొడ్డు గుండా తన పొట్టలోకి లాక్కుంటుంది. ఒకటి రెండు రోజులు మేత లేకున్నా బతకగలగడం, పెట్టెల్లో పెట్టి దూర ఊళ్లకు పంపగలగడం ఆ సొన వల్లనే. అయితే ఆ సొన సరిగా ఖర్చు కావాలంటే ఒంట్లో వెచ్చదనం ఉండాలి. చలికి ముడుచుకున్న పిల్ల మేత దగ్గరికీ, నీళ్ల దగ్గరికీ పోదు. తిన్నది కూడా సరిగా కదలదు, రెట్ట చిక్కబడి వెనుక అంటుకుంటుంది. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తరువాత వారానికి దాదాపు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. జనవరి తెల్లవారుజామున మన వైపు చలికి, మూత లేని అట్టపెట్టెలో ఒక్క 60 వాట్ల బల్బు సరిపోదు. ఇంకో బల్బు పెట్టండి, పెట్టె మీద గోనెసంచి మూడు వంతులు కప్పి గాలి కోసం ఒక వంతు వదలండి. వెచ్చదనం ఒక మూలన ఎక్కువగా, రెండో మూలన తక్కువగా ఉంటే, పిల్ల తనకు కావలసిన చోటు తానే వెతుక్కుంటుంది. కరెంటు పోయే రాత్రుల కోసం వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టడం మంచిది.

పేపర్లు తీసేయండి. జారే పేపరు మీద పిల్లల కాళ్లు చెరో పక్కకు చీలిపోతాయి. వరి ఊక రెండు అంగుళాల మందాన పరవండి. తొమ్మిది రోజుల పిల్లకు మేత ఏదో, ఊక ఏదో తెలుస్తుంది కాబట్టి అది తింటుందనే భయం అక్కరలేదు.

ఇక మేత పొట్టలో ఎటు పోతుందో చెప్తాను, మీ ప్రశ్నల్లో సగం వాటికి జవాబు అందులోనే ఉంది. పిల్ల ముక్కుతో ఏరుకున్న మేత నేరుగా పొట్టలోకి పోదు. మెడ కింద మీరు చూసిన సంచిలో ముందు నిలవ ఉండి, నీళ్లతో నాని మెత్తబడుతుంది. కొందరు దీనిని అన్నాశయం అంటారు, మా శాఖలో అందరూ క్రాప్ అనేవారు. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా ఆమ్లం ఊరే చిన్న పొట్టలోకి, ఆ తరువాత కందనకాయలోకి పోతుంది. నా పేరు చూసి నవ్వుకున్న వారికి ఇప్పుడు అర్థమై ఉంటుంది, కోడి ఒంట్లో నాకు అన్నిటికంటే నచ్చిన అవయవం అదే. ఇంట్లో కోడిని కోసినప్పుడు కందనకాయను చీల్చి, లోపలి పసుపు పొరను ఊడదీసి పడేస్తాం కదా, ఆ పొర కింద ఉన్న గట్టి కండ నిమిషానికి రెండు మూడు సార్లు పిసుకుతూ గింజను నూరుతుంది. ఆ నూరడానికి సాయంగా నాటుకోడి మింగిన చిన్న రాళ్లు మూలమూలలు అరిగిపోయి, గోలీల్లా నునుపుగా అందులో కనిపిస్తాయి.

కాబట్టి ఇసుక విషయంలో మీకు చెప్పిన ఇద్దరిలోనూ కొంత నిజం ఉంది. మెత్తగా మరపట్టిన దాణా మాత్రమే తినే పిల్లకు రాళ్లు అక్కరలేదు, ఎందుకంటే నూరవలసినది ఏమీ లేదు. నూకలు, గింజ ముక్కలు, ఆకుకూర పెట్టడం మొదలుపెట్టినప్పుడు మాత్రం సన్నటి రాతి ముక్కలు ఉండాలి. మొదటి మూడు నాలుగు రోజుల్లో ఇసుక పెడితే, మేత ఏదో ఇంకా తెలియని పిల్ల ఇసుకతోనే సంచి నింపుకునే ప్రమాదం ఉంది. మీ పిల్లలు ఆ వయసు దాటాయి. ఏటి ఇసుకను కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టి ఆవగింజ అంత ఉన్న ముక్కలను వేరే మూకుడులో పెట్టండి. మేతలో కలపవద్దు, కావలసినంత అవే తీసుకుంటాయి. పలుగురాయి, నల్లరాయి ముక్కలైతే కందనకాయలో ఎక్కువ కాలం నిలుస్తాయి. దుకాణంలో గ్రిట్ అని అమ్మే తెల్లటి గుల్ల పొడి, సున్నపురాయి ఇలాంటివి కావు. ఈ రెండూ ఆమ్లంలో కరిగి క్యాల్షియం ఇచ్చేవి, గుడ్లు పెట్టే కోళ్ల కోసం ఉద్దేశించినవి. మీ దగ్గర ఉన్న రాయి ఏ రకమో అనుమానం ఉంటే పొడి చేసి నిమ్మరసం చుక్క వేయండి. బుడగలు పొంగితే అది సున్నపురాయి, పిల్లల రాళ్ల మూకుడులో వద్దు.

ఈ క్యాల్షియం మాటే మీ లేయర్ మ్యాష్‌కు కూడా వర్తిస్తుంది. గుడ్డు పెంకు కోసం ఆ దాణాలో క్యాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. పిల్లకు కావలసినది ఒక శాతం మాత్రమే. ఆ అదనపు సున్నాన్ని బయటికి పంపలేక చిన్న పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఈ దెబ్బ వెంటనే కనిపించదు, వారాల తరువాత కనిపిస్తుంది. ఈ రోజే ఆపేయండి. వారం లోపు ఆపితే పెద్దగా నష్టం ఉండదని నా అనుభవం.

నూకల లెక్క కూడా చూడండి. పిల్లల దాణాలో మాంసకృత్తులు 20 శాతం ఉండాలి. నూకల్లో ఉండేది సుమారు 8 శాతం. మంచి చిక్ మ్యాష్ కొని అందులో సగం నూకలు కలిపినా 14 శాతానికి పడిపోతుంది. పిల్ల సంచి నిండుగా కనిపిస్తుంది, రెక్క ఈకలు మాత్రం రావు. 30 పిల్లలకు దాణా ఇంట్లో కలుపుకోవడం శ్రమ దండగ అని నా అభిప్రాయం. ఒక్కో పిల్ల ఆరు వారాలకు తినేది రెండు కిలోల లోపే కాబట్టి, చిక్ మ్యాష్ అనో, చిక్ స్టార్టర్ అనో అడిగి 50 కిలోల బస్తా ఒకటి తెచ్చుకుంటే మీ అవసరం తీరుతుంది. బస్తా మీద తయారైన తేదీ చూసి తీసుకోండి.

రెట్ట అంటుకున్న పిల్లలను ఒక్కొక్కటిగా పట్టుకొని, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదిని ఆ చోట రెండు నిమిషాలు అదిమి ఉంచండి. ఎండిన రెట్ట నానిన తరువాత తానే ఊడుతుంది. గోటితో లాగితే చర్మం, ఒక్కోసారి పేగు కూడా బయటికి వస్తాయి. తుడిచి, బల్బు కింద ఆరబెట్టి, ఒక చుక్క కొబ్బరినూనె రాయండి. ఇంకొక మాట, రెట్ట ద్వారానికి కొంచెం ముందు, పొట్ట వైపున ఎండిన నల్లటి పొక్కు ఉంటే అది బొడ్డు. దానిని రెట్ట అనుకొని పీకిన వారిని చూశాను.

వాసన వచ్చే గోధుమరంగు రెట్టలకు భయపడవద్దు. కోడికి పేగు చివర రెండు గుడ్డి పేగులు ఉంటాయి. అక్కడ పీచు పదార్థం పులిసి, ఎనిమిది పది మామూలు రెట్టలకు ఒకసారి జిగురుగా బయటికి వస్తుంది. అది ఆ పేగులు పనిచేస్తున్నాయనడానికి గుర్తు. రెట్ట కొన మీద తెల్లపూత కోడి మూత్రం. కోడికి మూత్రం వేరుగా రాదు.

మెడ సంచి ఉబ్బిన పిల్ల సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే దానికి మీరు ఈ రాత్రే ఒక పని చేయాలి. దానిని వేరే వెచ్చటి పెట్టెలో పెట్టి, మేత తీసేసి, నీళ్లు మాత్రం ఉంచండి. మామూలు పిల్లకు రాత్రి పడుకునేటప్పుడు సంచి నిండుగా, తెల్లారేసరికి ఖాళీగా ఉండాలి. ఉదయం కూడా ముద్దగా ఉంటే, రెండు మూడు చుక్కల వంటనూనె ముక్కు పక్కగా జార్చి, సంచిని వేళ్లతో పైనుంచి కిందికి మెల్లగా రుద్దండి. తలకిందులు చేసి కక్కించే ప్రయత్నం చేయకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చేతిలోనే చచ్చిపోతుంది. ఆ ముద్ద ఆదివారం అన్నమే అని నా అనుమానం.

నర్సంపేట అక్క (జవాబు):

కందనకాయ గారు చెప్పినవన్నీ సరైనవే. నేను చదువుకున్న దానిని కాదు కానీ, పెళ్లైన నాటి నుంచి ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు పొదుగు కోళ్లు తగ్గకుండా పెంచుతున్నాను. తల్లి లేని పిల్లలకు తల్లి చేసే పనులు మనమే చేయాలి అన్నది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే, తమ్ముడూ, మీకు సగం పని సులువవుతుంది.

తల్లికోడి ఏమి చేస్తుందో చూడండి. గింజను ముక్కుతో పొడిచి చిన్న ముక్కలు చేసి కింద వదిలి, పిల్లలను పిలుస్తుంది. మీరు కూడా మొదటి రోజుల్లో మేతను పళ్లెంలో పోసి, దాని పక్కన వేలిగోటితో టకటకమని కొట్టండి. ఆ చప్పుడుకు పిల్లలు పరుగెత్తుకొస్తాయి. కొత్త పిల్లలకు మొదట నీళ్లు తాగించి, రెండు గంటల తరువాత మేత వేయాలి. ఒక్కొక్క పిల్ల ముక్కును నీళ్లలో ఒకసారి ముంచితే చాలు, అది మిగిలిన వాటికి నేర్పుతుంది. దూరం నుంచి వచ్చిన పిల్లలకైతే నేను ఆ మొదటి పూట మాత్రమే లీటరు నీళ్లకు రెండు చెంచాల బెల్లం కలుపుతాను. రోజంతా బెల్లం నీళ్లు పెడితే పారుతాయి. నీళ్లు పెట్టే మూకుడులో గులకరాళ్లు పరచండి, లేకపోతే బుజ్జి పిల్లలు అందులో పడి తడిసిపోతాయి. తడిసిన పిల్ల బతకడం కష్టం.

అన్నం గురించి. మన ఇళ్లలో అన్నం మిగిలితే కోళ్లకు వేయడం అలవాటు, పెద్ద కోళ్లకైతే ఇబ్బంది లేదు. పిల్లలకు మాత్రం ముద్దగా ఉన్న అన్నం వేయకూడదు. మెతుకులు ఒకదానికొకటి అతుక్కొని సంచిలో ఉండలా నిలిచిపోతాయి, ఎండ కాలంలో అయితే రెండు గంటల్లో పులుస్తుంది. పాలు కూడా పోయకండి, కోడికి పాలు అరగవు. పలుచటి మజ్జిగ కొద్దిగా ఇవ్వవచ్చు.

మా అత్త చేసే పని ఒకటి చెప్తాను. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి, చిరిగిన గోనె ముక్క కుక్కి, చెదలున్న చోట బోర్లించి పెట్టేది. రెండు రోజుల్లో కుండ నిండా చెదలు పట్టేవి. పొద్దున్నే దానిని పిల్లల ముందు విదిలిస్తే, ఆ రోజు వాటి సంతోషం చూడాలి. మాంసకృత్తుల శాతం ఆమెకు తెలియదు కానీ, చెదలు తిన్న పిల్లలకు రెక్కలు తొందరగా వస్తాయని తెలుసు. మీ పిల్లలు మూడు వారాలు దాటి కాళ్లు గట్టిపడిన తరువాత చేయవచ్చు. పురుగుల మందు కొట్టిన చోటు నుంచి మాత్రం తేవద్దు.

మక్కల వ్యాపారి (జవాబు):

కందనకాయ గారు ఇంట్లో దాణా కలుపుకోవద్దన్నారు. నేను దానితో పూర్తిగా ఏకీభవించను, ఎందుకంటే వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు మక్కజొన్న వచ్చే కాలంలో ధర చూసుకొని కొంటే, వంద పిల్లలు పెంచేవారికి బస్తా దాణా కంటే తక్కువ ఖర్చవుతుంది. అయితే 30 పిల్లలకు ఆయన మాటే సరి. ఎప్పుడైనా సంఖ్య పెంచితే పనికొస్తుందని నేను వాడే పాళ్లు రాస్తున్నాను. పది కిలోలకు మక్కజొన్న రవ్వ 5.5 కిలోలు, సోయా చెక్క 3.3 కిలోలు, తాజా తవుడు 800 గ్రాములు, మిగిలిన 400 గ్రాముల్లో డీసీపీ (క్యాల్షియం, భాస్వరం ఇచ్చే డైక్యాల్షియం ఫాస్ఫేట్ పొడి) 150 గ్రాములు, సున్నపురాయి పొడి 100 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు పోను, మిగతాది పిల్లల కోసం అమ్మే విటమిన్, ఖనిజ మిశ్రమం, దాని పొట్లం మీద రాసిన మోతాదు మేరకు, తక్కువ పడితే ఇంకొంచెం మక్క రవ్వ. లెక్క వేస్తే మాంసకృత్తులు 20 శాతం పైచిలుకు వస్తాయి.

అసలు నేను చెప్పదలచుకున్నది బూజు గురించి. వానలో తడిసి ఆరిన మక్కలు చౌకగా దొరుకుతాయి, మనుషులకు పనికిరాకపోతే కోళ్లకు వేద్దామని చాలామంది కొంటారు. గింజ మొలక చోట నీలం, ఆకుపచ్చ మచ్చ ఉన్నా, పిడికిట పట్టి వాసన చూస్తే ముక్కిన వాసన వచ్చినా పిల్లలకు వేయకండి. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం కార్జాన్ని తినేస్తుంది. కడిగినా, ఉడకబెట్టినా పోదు. పల్లి చెక్కకు కూడా ఇదే జబ్బు. గింజలో తేమ 12 శాతం లోపు ఉంటేనే నిల్వకు పనికివస్తుంది. మీటరు లేనివారు పంటి కింద పెట్టి కొరికి చూస్తే, టప్పున పగలాలి, నలగకూడదు.

తవుడు మర నుంచి వచ్చిన వారంలో వాడేయాలి. అందులో నూనె ఉండడం వల్ల త్వరగా చేదెక్కుతుంది. మన జిల్లాలో ప్రతి ఇంట్లో గేదెల కోసం పత్తి చెక్క ఉంటుంది కాబట్టి ఇంకొక మాట. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. గేదె పొట్ట దానిని తట్టుకుంటుంది, కోడిపిల్ల తట్టుకోలేదు. అలాగే పచ్చి సోయా గింజలు, పచ్చి పప్పులు పిండి చేసి కలపడం మంచిది కాదు. వేడి చేయని పప్పుల్లో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే గుణం ఉంటుంది. బజారులో దొరికే సోయా చెక్క వేడి చేసి వచ్చినదే కాబట్టి ఇబ్బంది లేదు.

హనుమకొండ పెరడు (మూడు రోజుల తరువాత):

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ రాత్రే రెండో బల్బు పెట్టి, ఊక పరిచి, పెట్టె మీద గోనెసంచి కప్పాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తే, మొదటిసారిగా పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా పడుకొని ఉన్నాయి. మరుసటి రోజు చిక్ మ్యాష్ బస్తా తెచ్చాను. రెట్ట అంటుకున్న ఐదింటిని శుభ్రం చేశాను. నాలుగింటికి మళ్లీ అంటుకోలేదు, ఒకదానికి రోజూ తుడవవలసి వస్తోంది. రాత్రి పడుకునే ముందు అన్నిటి సంచులు వేలితో చూస్తున్నాను, అన్నీ నిండుగా, మెత్తగా ఉన్నాయి.

ఉబ్బిన సంచి ఉన్న పిల్ల మొదటి ఉదయం అలాగే ఉంది. అక్క గారు చెప్పిన అన్నం ముద్ద సంగతి చదివి, నూనె వేసి మూడు సార్లు రుద్దాను. రెండో రోజుకు సగం తగ్గింది. దాని ఊపిరి నుంచి పుల్లటి వాసన వస్తోంది. ఇప్పుడు మ్యాష్‌ను నీళ్లలో తడిపి చెంచాడు పెడుతున్నాను. ఇంకా ఏమైనా చేయాలా? ఈ లోపల పిల్లలకు 12 రోజులు వచ్చాయి. ఇక ముందు దేనికి జాగ్రత్త పడాలో చెబితే బాగుంటుంది.

జనగామ కోళ్లు (జవాబు):

ముందు జాగ్రత్త అడిగారు కాబట్టి నాకు జరిగిన నష్టం చెప్తాను. మూడో వారం నుంచి ఆరో వారం దాకా మీరు రోజూ వంగి ఊకను చూడాలి. రెండేళ్ల క్రితం నా 60 పిల్లలు 24 రోజుల వయసులో చక్కగా తిని తిరుగుతుండగా, ఒక ఉదయం ఊక మీద ఎర్రటి చారలు కనిపించాయి. టమాట తొక్కు ఎక్కడి నుంచి వచ్చిందా అని అనుకున్నాను. సాయంత్రానికి ఐదారు పిల్లలు రెక్కలు వాల్చి, కళ్లు మూసి మూలన నిలబడ్డాయి. మరుసటి రోజు ఒక్కసారిగా 11 పోయాయి. అది కాక్సీడియోసిస్. ఐమీరియా అనే సూక్ష్మజీవి పేగు గోడలో పెరిగి దానిని చీలుస్తుంది. రక్తం వచ్చే రకం ముఖ్యంగా గుడ్డి పేగులను పట్టుకుంటుంది.

దానికి దారి నేనే వేశాను. నీళ్ల మూకుడు కారుతూ చుట్టూ మూరెడు ఊక ఎప్పుడూ తడిగా ఉండేది. రెట్టలో పడిన ఆ సూక్ష్మజీవి గుడ్లకు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో అంటించే శక్తి వస్తుంది. పిల్లలు ఆ ఊకలోనే ఏరుకొని తింటాయి. ఇక దుకాణంలో మందు అడిగితే ఆంప్రోలియం పొడి ఇచ్చారు, సరే. దానితో పాటు నీరసానికి అని బి విటమిన్ టానిక్ కూడా ఇచ్చి రెండూ ఒకే నీళ్లలో కలపమన్నారు, నేను కలిపాను. ఆంప్రోలియం పనిచేసేదే ఆ జీవికి బి1 విటమిన్ అందకుండా చేసి అని నాకు తరువాత పశువైద్యుడు చెప్పారు. ఒక చేత్తో ఇచ్చిన మందును ఇంకొక చేత్తో తీసేసినట్టయింది. టానిక్ ఆపిన రెండో రోజు నుంచి చావులు తగ్గాయి కానీ, అప్పటికే 19 పిల్లలు పోయాయి.

కాబట్టి నీళ్ల మూకుడును ఇటుక మీద, పిల్లల వీపు ఎత్తున పెట్టండి. కింద పళ్లెం ఉంచండి. తడి ఊకను రోజూ గుప్పిట్లో పట్టి చూసి, ముద్ద కడితే తీసి కొత్తది వేయండి. మీరు తెచ్చిన చిక్ మ్యాష్ బస్తా మీద కాక్సీడియోసిస్ నిరోధక మందు కలిపినట్టు రాసి ఉందో లేదో చూడండి. ఉంటే దానిలో నూకలు కలిపి పలుచన చేయకండి, మేతతో పాటు మందు కూడా సగమవుతుంది. ఒక్క పిల్ల రెట్టలో రక్తం కనిపించినా, ఆ తాజా రెట్టను, చనిపోయిన పిల్ల ఉంటే దానిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి వెంటనే దవాఖానకు తీసుకుపోండి. మీకు మామునూరులోని పశువైద్య కళాశాల దగ్గరే కదా. మోతాదు వారు చెప్పినట్టే వేయండి.

కందనకాయ (జవాబు):

జనగామ వారు రాసినది అక్షరాలా నిజం, ఆ టానిక్ పొరపాటు నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఒక్క సవరణ మాత్రం చేస్తాను. ఊకను పూర్తిగా ఎముకలా ఎండబెట్టాలని కొందరు ప్రయత్నిస్తారు, అప్పుడు దుమ్ము లేచి పిల్లలు తుమ్ముతాయి. గుప్పిట్లో పట్టి వదిలితే రాలిపోయేంత పొడిగా ఉంటే చాలు. పొడిగా ఉన్న ఊకలో రెట్టలు పడి, వాటి నుంచి కొద్ది కొద్దిగా ఆ జీవి పిల్లల్లోకి పోవడం వల్లనే వాటికి దానిని తట్టుకునే శక్తి వస్తుంది. కాబట్టి రోజూ మొత్తం ఊక మార్చి కడిగే పని కూడా పెట్టుకోకండి.

పుల్లటి వాసన వచ్చే పిల్ల గురించి. సంచిలో నిలిచిన మేత పులిసి అందులో ఈస్టు పెరిగినప్పుడు ఆ వాసన వస్తుంది. సగం తగ్గిందంటే దారి తెరుచుకుంది, ఇది మంచి గుర్తు. తడిపిన మ్యాష్ చెంచాడు ఒకేసారి కాకుండా, మూడు నాలుగు గంటలకు పావు చెంచా చొప్పున పెట్టండి. పెట్టిన ప్రతిసారి సంచిని చూడండి, ముందు పెట్టినది దిగకపోతే ఆ పూట మానేయండి. పెరుగు నీళ్లు ఒకటి రెండు చుక్కలు ఇవ్వవచ్చు. ఆకు, గడ్డి, దారపు పోగు ఏదీ దానికి అందకూడదు. గోనెసంచి పెట్టె మీద కప్పి ఉంటే దాని పోగులు వేలాడకుండా కత్తిరించండి, పిల్లలు పురుగనుకొని మింగి ఇదే బాధ తెచ్చుకుంటాయి.

ఆకుకూర మిగిలిన వాటికి నాలుగో వారంలో మొదలుపెట్టండి. మునగాకు, తోటకూర సన్నగా తరిగి, పిడికెడుకు మించకుండా. అప్పటికి ఆవగింజంత రాళ్ల మూకుడు వాటికి అలవాటై ఉండాలి. నూకలు, పగలగొట్టిన జొన్నలు ఎనిమిదో వారం తరువాత సాయంత్రం పూట చేతి మేతగా వేసుకోండి. చిక్ మ్యాష్ నుంచి గ్రోవర్ మ్యాష్‌కు (ఎదిగే కోళ్ల దాణాకు) మారేటప్పుడు ఒక్క రోజులో మార్చకుండా, వారం పాటు పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచండి.

హనుమకొండ పెరడు:

గోనెసంచి గురించి మీరు రాసినది చదివి ఇప్పుడే వెళ్లి చూశాను. అంచున వేలెడు పొడవు పోగులు నాలుగు వేలాడుతున్నాయి, ఒకటి సగానికి తెగి ఉంది. అన్నీ కత్తిరించాను. బస్తా మీద నిరోధక మందు పేరు రాసి ఉంది, కాబట్టి నూకలు డబ్బాలోనే ఉంచుతాను. ఆ పిల్ల సంచిని రేపు పొద్దున మేత పెట్టకముందే చూసి ఇక్కడ రాస్తాను.